'జాతి' అంటే ఏమిటని అడిగాడు

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మహాసభల నిర్వాహకులకు



నేను కేన్సస్ రాష్ట్రంలో ఉంటాను. వారమంతా ఉద్యోగం, ఆదివారం పొద్దున తెలుగు బడి. పదకొండేళ్లుగా మన పిల్లలకు గుణింతాలు, ఒత్తులు, వేమన పద్యాలు నేర్పుతున్నాను. మీరు పిలిచినప్పుడల్లా పిల్లల్ని వెంటబెట్టుకుని పద్యాల పోటీలకు, ఉగాది వేడుకలకు వచ్చాను. మీరు చేసే పని విలువ నాకు తెలుసు. ఇక్కడ మనవాళ్లెవరైనా చనిపోతే ఇంటికి చేర్చడానికి రాత్రికి రాత్రి డబ్బు పోగుచేసేది మీరే. కొత్తగా వచ్చిన విద్యార్థికి కష్టమొస్తే ముందు ఫోన్ మోగేది మీకే. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. మన పిల్లలు మనల్ని ఒక విషయం అడుగుతున్నారు. దాన్ని ఏ ఇంటికా ఇల్లు చూసుకోవాలని వదిలేస్తే తేలేది కాదు.

ఆ రోజు పెద్ద తరగతిలో బోర్డు మీద 'జాతీయ గీతం' అని రాశాను. పద్నాలుగేళ్ల కుర్రాడు చెయ్యెత్తాడు. "టీచర్, జాతి అంటే రేసా, నేషనా, క్యాస్టా?" అన్నాడు. ఎందుకొచ్చింది నాన్నా ఆ అనుమానం అని అడిగాను. వాళ్ల నానమ్మ ఫోన్లో ఎవరి గురించో "ఆ జాతి బుద్ధే అంత" అంటుంటే విన్నాడట. టీవీలో తెలుగు వార్తల కింద 'జాతివివక్ష' అని వస్తుంటే కూడబలుక్కుని చదివాడట. ఇప్పుడు బోర్డు మీద జాతీయ గీతం. మూడు చోట్లా అదే మాట. ఏది మంచిదో, ఏది తిట్టో వాడికి అర్థం కాలేదు.

వచ్చే వారం చెబుతానన్నాను. ఆ వారమంతా ఆలోచిస్తూనే ఉన్నాను. 'వర్ణం' అన్న మాట సంగతీ అంతే. వర్ణం అంటే రంగు. వర్ణాలు నాలుగని చెప్పి మనుషుల్ని మెట్లమీద నిలబెట్టిన మాటా అదే. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లమీద సాగిన దుర్మార్గానికి మన పత్రికలు 'వర్ణవివక్ష' అనే పేరు పెట్టాయి. మేం బడిలో చేరిన పిల్లలకు మొదటిరోజు నేర్పేది వర్ణమాల. ఇన్ని అర్థాలు ఒక్క మాటలో ఇమిడి ఉన్న భాష మనది. అయినా మన ఇళ్లలో అన్నం తింటూ ఈ సంగతి మాట్లాడుకోవడానికి ఒక్క వాక్యం అలవాటు కాలేదు. 'జాతివివక్ష' పత్రికల మాటగానే మిగిలిపోయింది.

తర్వాతి ఆదివారం ఈ మాటలన్నీ బోర్డు మీద రాసి, మీకు తెలిసింది చెప్పండని కూర్చున్నాను. గంట సేపు వాళ్లే మాట్లాడారు. ఆరో తరగతిలో డబ్బాలో పప్పన్నం తీసుకెళ్లడం ఎందుకు మానేసిందో ఒక అమ్మాయి చెప్పింది. ఫుట్‌బాల్ ఆటలో ఎవరో "మీ దేశం పో" అన్నారని ఇంకో కుర్రాడు చెప్పాడు. వాడు పుట్టింది ఈ ఊరి ఆసుపత్రిలోనే. చివర్లో, 'జాతి' అంటే ఏమిటని అడిగిన ఆ కుర్రాడే మెల్లగా నోరు విప్పాడు. వాడి ప్రాణస్నేహితుడు నల్లజాతి పిల్లవాడు. మూడేళ్ల స్నేహం. ఒక్కసారి కూడా ఇంటికి పిలవలేదట. ఏం నాన్నా అంటే, "వాడొస్తే మావాళ్లు తెలుగులో ఏమంటారోనని భయం టీచర్. వాడికి తెలుగు రాదు. నాకు వచ్చు కదా" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. వాడికి తెలుగు నేర్పింది నేను.

పెద్దలారా, పిల్లలు మన మాటలు వింటున్నారు. పార్టీల్లో, కార్లో వెళ్తూ, ఇండియాకు ఫోన్ చేసినప్పుడు మనం "నల్లోళ్లు", "కల్లూ", "చింకీలు" అనే మాటలు వాడేస్తాం. ఎవరికీ అర్థం కాదులే అనే ధీమా. ఇల్లు కొనేటప్పుడు "ఆ పక్క నల్లోళ్లు ఎక్కువ" అంటాం. అర్థమయ్యేవాళ్లు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుని ఉంటారు. బళ్లో వాళ్లు జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ గురించి, ఫిబ్రవరి అంతా నల్లజాతి చరిత్ర గురించి చదువుకుని వస్తారు. ఇంట్లో వినేదానికీ అక్కడ చదివేదానికీ పొత్తు కుదరక కొందరు ఇంట్లో నోరు మూసుకుంటారు. ఇంకొందరు మన మాటలే నేర్చుకుంటారు. రెండూ మనకు నష్టమే.

మా అమ్మాయికి ఐదేళ్లప్పటి సంగతి చెబుతాను. వీడియో కాల్లో మా అత్తగారు దాన్ని చూసినప్పుడల్లా "ఎండలో ఆడకే తల్లీ, నల్లబడిపోతావు" అనేవారు. ప్రేమగానే అనేవారు. మనందరం చిన్నప్పుడు విన్న మాటే, నలుగు పెట్టించుకుంటూ విన్న మాటే. ఒకరోజు బడి నుంచి వచ్చి, తన తరగతిలోని నల్లజాతి పాప గురించి అడిగింది: "అమ్మా, తను నానమ్మ మాట వినకుండా చాలా ఎండలో ఆడిందా?" ఐదేళ్ల పిల్ల తనకు దొరికిన రెండు ముక్కలూ కలిపి ఆ పాప ఏదో తప్పు చేసిందని తేల్చేసుకుంది. ఆ లెక్క దానికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మన నోటి నుంచి రోజూ రాలిన మాటలతో తనే వేసుకుంది.

ఆ పూట దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చర్మంలో మెలనిన్ అనే పదార్థం ఉంటుందని, అది ఎక్కువ ఉంటే నలుపు, తక్కువ ఉంటే తెలుపు అని, ఎండ నుంచి ఒంటిని కాపాడేది అదేనని చెప్పాను. నా చెయ్యీ, దాని చెయ్యీ, వాళ్ల నాన్న చెయ్యీ పక్కపక్కన పెట్టి చూపించాను. మూడూ మూడు రంగులు. తర్వాత అత్తగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "నా పెళ్లిచూపుల్లో నన్నూ అలాగే అన్నారమ్మా" అని మాత్రం అన్నారు. 'నలుపు నారాయణ మెచ్చు' అని సామెత చెప్పుకునే మనం, నల్లనయ్యను పూజగదిలో పెట్టుకున్న మనం, ఇంటి ఆడపిల్ల రంగు దగ్గరకొచ్చేసరికి ఎందుకు మారిపోతామో ఆ ఇద్దరికీ నేను సమాధానం చెప్పలేను. ఆ సామెతకైనా దేవుడు మెచ్చుకున్నాడన్న ఓదార్పు అవసరమైంది.

ఈ రంగు లెక్క కోర్టుదాకా వెళ్లిన చోటు మాకు దగ్గరే. మా ఊరికి గంట దూరంలో టొపీకా ఉంది. అక్కడ మన్రో స్కూల్ అని ఎర్ర ఇటుకల భవనం ఒకటుంది. ఒకప్పుడు నల్లజాతి పిల్లలకు మాత్రమే కేటాయించిన బడి. ఇప్పుడది జాతీయ చారిత్రక పార్కు. లిండా బ్రౌన్ అనే పాప ఇంటికి ఏడు వీధుల దూరంలో మంచి బడి ఉంది. కానీ అది తెల్లపిల్లలది. అందుకని ఆ పాప రైలు పట్టాల పక్కగా నడిచి, బస్సెక్కి మన్రో స్కూలుకు వెళ్లేది. తండ్రి ఆలివర్ బ్రౌన్, మరికొందరు తల్లిదండ్రులు కలిసి కోర్టుకు వెళ్లారు. 1954 మే 17న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో, రంగును బట్టి బడులు వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమంది.

ఆ కేసులో న్యాయమూర్తుల ముందుకు వచ్చిన సాక్ష్యాల్లో బొమ్మల సంగతి కూడా ఉంది. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు, భార్యాభర్తలు, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు నల్లజాతి పిల్లల ముందు నాలుగు బొమ్మలు పెట్టేవారు. అన్నీ ఒకేలాంటివి, రంగు మాత్రమే తేడా. మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగేవారు. ఎక్కువమంది మంచిదని తెల్లబొమ్మనే చూపించారు. ఆఖరి ప్రశ్న, నీలా ఉన్న బొమ్మ ఏది అని. అప్పటికే చెడ్డదని చూపించిన బొమ్మనే నాలా ఉందని చూపించవలసి వచ్చేసరికి కొందరు పిల్లలు ఏడుస్తూ గదిలోంచి వెళ్లిపోయారు. టొపీకా తీసుకెళ్లినప్పుడు ఈ కథ చెబితే మా పిల్లలు కిమ్మనలేదు. తిరిగొచ్చేటప్పుడు కార్లో మా అమ్మాయి అడిగింది: "మన పిల్లల్ని ఎవరైనా అలా అడిగారా?" నేను పెళ్లి సంబంధాల ప్రకటనల్లో 'ఎర్రగా, సన్నగా' అన్న మాటలు తలచుకున్నాను.

ఇదంతా వాళ్ల గొడవ, మనకెందుకు అనేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం లేకపోతే మనం ఇక్కడ లేము. అంతకు ముందు, 1946 నాటి చట్టం ప్రకారం, భారతదేశం నుంచి వలస వచ్చి స్థిరపడే అవకాశం ఏడాదికి వంద మందికి. వంద మందికే. ఆ తలుపు ఊరికే తెరుచుకోలేదు. నల్లజాతి ప్రజలు బస్సుల్లో, భోజనశాలల్లో, సెల్మా వంతెన మీద దెబ్బలు తిని 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం సాధించుకున్నారు. పుట్టిన దేశాన్ని బట్టి, రంగును బట్టి మనిషిని కొలవడం తప్పని ఈ దేశం ఒప్పుకోవలసి వచ్చిన ఆ రోజుల్లోనే మన వీసా దారి కూడా వెడల్పయింది. మనం కష్టపడి చదివాం, నిజమే. ఆ చదువు పట్టుకుని ఇక్కడికి రావడానికి దారి వేసినవాళ్లను మన పిల్లల ముందు ఈసడించుకుంటే అది కృతజ్ఞత తప్పడం అవుతుంది.

తెల్లవాళ్ల పక్కన చేరితే గండం గట్టెక్కుతుందనుకునే ఆశ కూడా పాతదే. భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. పౌరసత్వం కోసం కోర్టుకెళ్లి, తాను ఆర్యుణ్ణని, అగ్రకులస్థుణ్ణని, కాబట్టి తెల్లవాడినేనని వాదించాడు. 1923లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని కొట్టేసింది. ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరసత్వం వచ్చిన చాలామంది భారతీయులు కూడా దాన్ని పోగొట్టుకున్నారు. కులాన్ని చూపించి రంగు అడ్డుగోడ దాటబోయిన ఆ కథ మన పిల్లలకు తప్పక చెప్పాలి. రెండు గోడలూ ఒకే రకం ఇటుకలతో కట్టినవని వాళ్లకు తెలియాలి.

మార్టిన్ లూథర్ కింగ్‌కు అది భారతదేశంలోనే తెలిసింది. 1959లో ఆయన కేరళలో, అంటరానివారని పిలిచిన కుటుంబాల పిల్లలు చదివే బడికి వెళ్లినప్పుడు, ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన మన తోటి అంటరాని మనిషి అని పరిచయం చేశారు. మొదట మనసు చివుక్కుమన్నా, తన ప్రజల బతుకు తలచుకుని అది నిజమేనని ఒప్పుకున్నానని కింగ్ తర్వాత చెప్పుకున్నారు. మన 'జాతి'లో రేసూ క్యాస్టూ రెండూ ఎందుకున్నాయని అడిగిన కుర్రాడికి నేను చెప్పగలిగిన మంచి జవాబు ఇదే. ఇక్కడ మన మీద చూపే వివక్ష గురించి మాట్లాడి, మన ఊళ్లో మనం చూపిన వివక్ష గురించి మౌనంగా ఉంటే పిల్లలు మన మాట నమ్మరు. నమ్మనక్కర్లేదు కూడా.

2017 ఫిబ్రవరి 22 మీకు గుర్తుండే ఉంటుంది. మా కేన్సస్‌లోనే, ఓలేతాలోని ఒక రెస్టారెంట్లో, ఆఫీసు పని ముగించుకుని స్నేహితుడు అలోక్ మాదసానితో కూర్చున్న కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం వదిలి పొమ్మని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. శ్రీనివాస్ వయసు 32. అలోక్‌కు గాయమైంది. ఆపబోయిన ఇయాన్ గ్రిలట్ అనే తెల్ల యువకుడికీ తూటా తగిలింది. ఆ వారం మన ఇళ్లలో టీవీలు కట్టేశాం. పిల్లలు అడిగితే "ఏదో యాక్సిడెంట్ నాన్నా" అన్నవాళ్లు నాకు తెలుసు. బయట మాతృభాషలో మాట్లాడకపోవడమే మంచిదని మన సంఘాల్లో ఒకదాని నుంచి సూచన కూడా వచ్చింది, పత్రికల్లో పడింది. భయంతో ఇచ్చిన సలహా అది, ప్రేమతోనే ఇచ్చారు. కానీ మా బడిలో ఒక పాప ఆ తర్వాత వారం, "ఇక తెలుగు నేర్చుకోకూడదా టీచర్?" అని అడిగింది. తుపాకీ పేల్చినవాడు తప్పు చేశాడని ఎవరూ తనకు చెప్పలేదు. తెలుగు మాట్లాడటం తప్పని మాత్రం అర్థమైంది.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల మౌనంగా ఉండిపోలేదు. ఇక్కడ మాకు చోటుందా అని ఆ దుఃఖంలోనే దేశాన్ని అడిగారు. తర్వాత 'ఫరెవర్ వెల్‌కమ్' అనే ప్రయత్నం మొదలుపెట్టి, వలస వచ్చినవాళ్ల గురించి పొరుగువాళ్లతో మాట్లాడుతూ వచ్చారు. మన పెద్దలు 'ఊరకున్నంత ఉత్తమం లేదు' అన్నారు. ఆ సామెత కొన్ని చోట్ల మేలు చేస్తుందేమో గానీ, పిల్లలు అడిగినప్పుడు చేయదు.

అన్నిటికీ మన దగ్గర సమాధానం ఉండాలని కాదు. 2023 జనవరిలో సియాటెల్‌లో పోలీసు కారు గుద్ది ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి చనిపోయింది. ఆమె ప్రాణం విలువ గురించి ఇంకో పోలీసు నవ్వుతూ మాట్లాడిన రికార్డింగ్ ఆ సెప్టెంబర్లో బయటికొచ్చింది. మా పెద్ద తరగతి పిల్లలు అడిగారు: "ఆమె తెల్ల అమ్మాయైతే అలా నవ్వేవాడా?" ఆ మనిషి మనసులో ఏముందో నేను చెప్పలేను అన్నాను. మీకెందుకు అలా అనిపించిందో చెప్పండన్నాను. వాళ్లు చెప్పిన కారణాలు విన్నాను. పిల్లలకు తీర్పు చెప్పేవాళ్లకన్నా తమ మాట పూర్తయ్యేదాకా వినేవాళ్లు ఎక్కువ అవసరం.

ఇవి మాట్లాడితే పిల్లల్లో భయం, కోపం పెరుగుతాయని కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ భయం వాళ్లకు ఇప్పటికే ఉంది. ఒంటరిగా మోస్తున్నారు, అంతే. మాట్లాడితే బరువు సగమవుతుంది. కోపం రాకుండా ఉండాలంటే ఇయాన్ గ్రిలట్ గురించి కూడా చెప్పాలి. ఒక తెల్లవాడు చంపాడు, ఒక తెల్లవాడు అడ్డంపడ్డాడు అని చెబితే, మనిషిని రంగుతో అంచనా వేయకూడదని వేరే పాఠం చెప్పనక్కర్లేదు. నల్లజాతి ఇళ్లలో పిల్లవాడికి కారు తాళాలు ఇచ్చేముందు తల్లిదండ్రులు కూర్చోబెట్టి, పోలీసులు ఆపితే చేతులు స్టీరింగ్ మీద కనబడేలా పెట్టమని చెబుతారు. వాళ్లకు ఆ మాటలు తప్పించుకునే వీలు లేదు. మనకు వీలుంది కదా అని తప్పించుకుంటున్నాం.

మీ నుంచి నేను కోరేవి పెద్దవి కావు.

మొదటిది. ఈసారి మహాసభల్లో ఒక గది, రెండు గంటల సమయం పిల్లలకు ఇవ్వండి. పన్నెండేళ్లు దాటిన పిల్లలు మాట్లాడాలి, పెద్దలు వినాలి. వేదిక, శాలువాలు, ప్రసంగాలు వద్దు. గుండ్రంగా వేసిన కుర్చీలు చాలు. అక్కడ విన్నది ఇంటికెళ్లి తిట్టడానికి వాడబోమని పెద్దలు ముందే మాట ఇవ్వాలి.

రెండోది. మీరు నడిపే తెలుగు తరగతుల్లో వయసుకు తగినట్టు ఈ పాఠం చేర్చండి. ఐదేళ్లవాళ్లకు చర్మం, మెలనిన్ చాలు. పదేళ్లవాళ్లకు లిండా బ్రౌన్ కథ చెప్పండి. పద్నాలుగు దాటినవాళ్లకు థిండ్ కేసు, 1965 చట్టం, శ్రీనివాస్, వాటితోపాటు మన కులం గురించి చెప్పండి. అంబేడ్కర్ చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ల దేశంలోనే ఉందని, నల్లజాతి చరిత్రకు పేరుపడ్డ హార్లెమ్ పేటను ఆనుకునే ఉందని చెబితే రెండు చరిత్రలూ ఒక పటం మీదికి వస్తాయి. పాఠాలు చెప్పే మాలాంటివాళ్లకు, ఏం చెప్పాలో తెలియనప్పుడు ఎలా వినాలో నేర్పే శిక్షణ కూడా ఇప్పించండి.

మూడోది. సంబంధాల పరిచయ వేదికల ఫారాల్లో ఎక్కడైనా రంగు గడి, కులం గడి ఉంటే తీసేయండి. పిల్లలు ఆ ఫారాలు చదువుతున్నారు.

నాలుగోది. ఉగాదికి మీ ఊళ్లోని నల్లజాతి కుటుంబాలను, చర్చి పెద్దలను, పిల్లల స్నేహితులను పిలవండి. ముఖ్య అతిథిగా ఒక్కరిని పిలిచి పూలదండ వేసి పంపితే చాలదు. పంక్తిలో పక్కన కూర్చుని ఉగాది పచ్చడి తినాలి. వాళ్ల పండుగలకు మనమూ వెళ్లాలి.

ఐదోది అన్నిటికంటే ముఖ్యం, దానికి పైసా ఖర్చు లేదు. మీరు పెద్దలు. మీ చుట్టూ పదిమంది చేరినప్పుడు ఎవరి నోటి నుంచైనా "నల్లోళ్లు" అని వినబడితే, "ఆ మాట వద్దండీ, పిల్లలున్నారు" అనండి. మీరంటే వింటారు. పిల్లలు లేని చోట కూడా ఆ మాట రాకుండా పోవడానికి అది మొదలవుతుంది.

తెలుగు మరిచిపోతున్నారని మనం పిల్లల గురించి బాధపడతాం. తెలుగు నేర్పండని మీరు మాకు చెప్పారు, నేర్పుతున్నాం. వాళ్లకు ఇప్పుడు మనం మాట్లాడేదంతా అర్థమవుతోంది. మా తరగతిలో ఆ కుర్రాడు తన స్నేహితుణ్ణి ఇంటికి పిలవడానికి ఇంకా ఎదురుచూస్తున్నాడు. వాడు ఎదురుచూస్తున్నది మన తెలుగు మారడం కోసం.

ఇట్లు,
ఆదివారం తెలుగు బడి టీచరు,
కేన్సస్